అసలు కారు, ప్రతిరూపము

ఇటీవల చోడవరములో ఒక మరమ్మతు షెడ్డు ముందు నిలిచియున్న పాత అంబాసిడరు కారును చూచితిమి. అది 1960లనాటిది. యజమాని తండ్రిగారు బెల్లపు వ్యాపారమునకై ఆ కారులోనే అనకాపల్లికి వెళ్లి వచ్చెడివారట. పెట్రోలు ఖర్చు భరింపలేక తరువాత దానికి డీజిలు ఇంజను పెట్టించిరి. "ఇది మా నాన్నగారి కారేనాండీ? లేక దానిని పోలిన మరియొక కారా?" అని యజమాని మమ్ము అడిగిరి. పాత పందెపు కార్లకు ప్రతిరూపములు నిర్మించువారు దేశదేశములలో వాదించుకొనుచున్న ప్రశ్న ఇదియే.

ప్రతిరూపమనగా, దొరకని పాత కారును పోలునట్లు క్రొత్తగా కట్టిన కారు. ఇట్టి వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'కోబ్రా'. అసలు కోబ్రాలు సుమారు వేయి మాత్రమే తయారైనవి. ప్రతిరూపములు అంతకు ఎన్నో రెట్లున్నవి. ఈ కారు కథ చిత్రమైనది. బ్రిటనులోని ఏ.సి. కంపెనీవారి 'ఏస్' కారునకు మొదట సొంత ఆరు సిలిండర్ల ఇంజను, 1956 నుండి బ్రిస్టల్ ఇంజను, 1961లో ఫోర్డు ఇంజను అమర్చిరి. 1962లో అమెరికా దేశస్థుడు కారల్ షెల్బీ దానిలో ఎనిమిది సిలిండర్ల ఫోర్డు ఇంజను పెట్టించి కోబ్రా అని పేరిడెను. ఆ ఇంజను పరిమాణము 260 ఘనపుటంగుళములు. తరువాత 289, పిదప 427. ఈ చివరిదాని బలమునకు తాళుటకై ఛాసీ గొట్టములను లావు చేసి, పట్టీల స్ప్రింగులకు మారుగా చుట్టల స్ప్రింగులు వేసిరి. ఇంజను మార్చుట ఒక్క ఇంజనుతో ముగియదని దీనివలన తెలియుచున్నది. బరువు మారిన బ్రేకులు, గేరుపెట్టె, రేడియేటరు అన్నియు దానికి తగియుండవలెను. మరియొక విశేషము: 427 అను పేరుతో వెలువడిన కోబ్రాలలో కొన్నింటికి 428 అను వేరు ఇంజనును అమర్చిరి. అసలు కార్లకే ఇట్లు జరుగగా, ప్రతిరూపములో ఏది అసలు ఇంజను అని అడుగుట అంత సులభము కాదు.

ఇక పోర్షె 550 సంగతి. దాని ఒకటిన్నర లీటరు ఇంజను మిక్కిలి చిక్కైనది, నేడు కడు అరుదు. అందుచేత ప్రతిరూపములు కట్టువారు తరచుగా ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజనును వాడుచున్నారు. అదియు గాలితో చల్లబడునదే. నాలుగు సిలిండర్లు అడ్డముగా పరుండినదే. శక్తి తక్కువయైనను ఒకే కుటుంబమునకు చెందినది, విడిభాగములు దొరకునది. ఎనిమిది సిలిండర్ల భారీ ఇంజను పెట్టిన వేగము పెరుగవచ్చును గాని, ఆ తేలిక కారు స్వభావమే మారిపోవును.

జాగ్వారు కంపెనీవారు 1957లో అగ్నిప్రమాదమువలన ఎక్స్.కె.ఎస్.ఎస్. కార్లు తొమ్మిదింటిని కోల్పోయిరి. వాని స్థానమున తొమ్మిది క్రొత్త కార్లు కట్టుదుమని 2016లో ప్రకటించిరి. పేరు పాతదే, నమూనా పాతదే. క్రొత్తగా కట్టినవను మాట మాత్రము దాచలేదు. మన దేవాలయ రథములకు చక్రములు, కొయ్యలు పుచ్చినప్పుడు మార్చుదుము. అయినను స్వామివారి రథము మారినదని ఎవరును అనరు. క్రొత్త కొయ్యను పాతదని చెప్పువారును లేరు.

అంబాసిడరు మాత్రము తక్కువదా? మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై పుట్టి, ఒకటిన్నర లీటరు పెట్రోలు, డీజిలు ఇంజన్లను, తుదకు జపానువారి 1.8 లీటర్ల ఇసుజు ఇంజనును మోసి, 2014లో ఉత్పత్తి నిలిచిపోయినది.

చట్టము మాత్రము సూటిగా ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇంజను మార్పు రిజిస్ట్రేషను పత్రములో నమోదు కావలెను. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము ఏబది యేండ్లు దాటి, ఛాసీ, పైకట్టు, ఇంజను పెద్ద మార్పు లేక మొదటి రూపమున నిలిచిన వాహనములే ప్రాచీన వాహనములుగా నమోదగును.

కనుక ఆ యజమానితో మేమిట్లంటిమి: "ఇది మీ నాన్నగారి కారే. డీజిలు ఇంజను వారి నిర్ణయము. అదియు దీని చరిత్రలో ఒక భాగము. అయితే ప్రాచీన వాహనమని చెప్పి అమ్మవలదు. మార్పును పత్రములో చూపుడు. పాత పెట్రోలు ఇంజను ఉన్నయెడల పాత ఇనుము కొనువానికి ఇచ్చివేయకుడు."

ఆయన షెడ్డు మూలకు వెళ్లి, గోనెపట్టా ఒకటి తొలగించి చూపిరి. ఇంజను అక్కడే ఉన్నది.