టెలివిజన్ గొడుగునకు కొబ్బరిచెట్టు అడ్డమా?

కోనసీమలోని నగరము గ్రామమున ఏ డాబా యెక్కి చూచినను నాలుగు ప్రక్కల కొబ్బరితలలే కనిపించును. వాని నడుమ డిష్ గొడుగులు. టెలివిజనులో బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి ఆగిపోగానే మొదటి అనుమానము చెట్టుమీదికే పోవును. ఈ సీమలో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుతో పోల్చుదురు. అట్టి చెట్టుపై గొడ్డలి యెత్తుటకు ముందు దోషము నిజముగా దానిదేనా యని చూడవలదా?

వెనుకటి అల్యూమినియము కడ్డీల ఏంటెన్నాకు తరంగములు నేలమీది గోపురమునుండి వచ్చెడివి. దూరదర్శన్ ఆ అనలాగ్ ప్రసారిణులను 2022 నాటికి దాదాపుగా మూసివేసినది. నెలసరి రుసుము లేని డి.డి. ఫ్రీ డిష్ ప్రసారము జీశాట్-15 ఉపగ్రహమునుండి వచ్చుచున్నది. అది భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమువద్ద, సుమారు 35,800 కిలోమీటర్ల ఎత్తున నున్నది.

నగరమునుండి చూచినచో అది ఆగ్నేయమునకు కొంచెము దక్షిణముగా, క్షితిజమునుండి 66.5 డిగ్రీల ఎత్తున నుండును. గొడుగు ముఖము మాత్రము అంత పైకి తిరిగియున్నట్లు తోచదు. మన యిండ్లపై నున్న గొడుగులు ముఖము చూచు దిక్కుకంటె ఇరువది డిగ్రీలకు పైగా ఎత్తునుండి వచ్చు తరంగములను గ్రహించునట్లు చేయబడినవి. పలువురు పొరబడుట ఇచ్చటనే. ముఖమునకు ఎదుట నెక్కడనో నున్న చెట్టును నిందింతురు.

పదవ తరగతి త్రికోణమితి ఇందుకు చాలును. 66.5 డిగ్రీల టాంజెంటు 2.3. గొడుగుకంటె 15 మీటర్లు ఎత్తయిన చెట్టు, ఉపగ్రహమున్న దిక్కున, 15ను 2.3చే భాగింపగా వచ్చు 6.5 మీటర్ల లోపల నున్ననే అడ్డమగును. మట్టల పొడవునకై మరి 5 మీటర్లు కలుపుడు. అంతకు ఆవలనున్న చెట్టు నిర్దోషి.

లెక్కపై నమ్మకము లేనివారికి సూర్యుడే సాక్షి. మార్చి 13 ప్రాంతమున పగలు సుమారు 11.15కు, సెప్టెంబరు 30 ప్రాంతమున సుమారు 11 గంటలకు, సూర్యుడు సరిగా ఆ ఉపగ్రహము వెనుకకు వచ్చును. అప్పుడు గొడుగుపై చెట్టు నీడ పడినచో చెట్టే అడ్డము. నిండుగా ఎండ పడినచో కాదు. ఆ కొద్ది నిమిషములు సూర్యుని రేడియో రొదవలన బొమ్మ చెడుట సహజమే. పాఠశాల డాబాపై చేయింపదగిన ప్రయోగమిది. సూర్యుని చూడరాదు, నీడనే చూడవలెను.

చెట్టు కాకున్న మరేమి? సముద్రపు ఉప్పుగాలికి కేబులు కొనయందలి కనెక్టరు చిలుమెక్కును, వాననీరు లోనికి దిగును. 60 సెంటీమీటర్ల గొడుగు చూపు వెడల్పు మూడు డిగ్రీలే గనుక గాలికి రెండు డిగ్రీలు కదలినను ప్రసారము పోవును. అనలాగ్ బొమ్మ మెల్లగా మసకబారెడిది. డిజిటల్ బొమ్మ చివరివరకు నిక్షేపముగా నుండి ఒక్కసారిగా పోవును. కావున కనెక్టరులో నష్టము ఎండరోజులలో బయటపడదు. వాన రాగానే, ఉన్న కొద్దిపాటి బలమును చినుకులు హరింపగా, తెర నల్లబడును. జనులు వానను తిట్టుదురు, తడిసిన మట్టను తిట్టుదురు; చిలుము పట్టిన కనెక్టరును ఎవరును విప్పి చూడరు.

అన్నియు సరిగా నున్నను కుంభవృష్టిలో బొమ్మ పోవచ్చును. రెండున్నర సెంటీమీటర్లు దాటిన ఈ పొట్టి తరంగములను పెద్ద చినుకులు పీల్చి, చెదరగొట్టును. 1996 నవంబరు 6 నాటి తుపానును ఎరిగిన కోనసీమవారు బ్యాటరీ రేడియోనొకటి ఇంట నుంచుకొందురుగాక. మీడియం వేవ్ తరంగము పొడవు వందల మీటర్లు. వాన దానినేమియు చేయలేదు.