తిత్తిలోని ఊపిరి: వ్లదిస్లావ్ జొలతర్యోవ్

అకార్డియన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1964లో వచ్చిన 'సంగం' చిత్రంలో రాజ్‌కపూర్ మెడకు తగిలించుకున్న వాయిద్యం. పాటకి హుషారు తెచ్చే పెట్టె, అంతకుమించి దాంతో పనేముంది అని నేనూ అనుకునేవాణ్ణి. ఒకనాటి రాత్రి హాస్టల్లో ఓ మిత్రుడు వినిపించిన రికార్డింగు నా అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. మొదట అది చర్చి ఆర్గన్ అనుకున్నాను. "కాదోయ్, ఒకే మనిషి ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్నాడు" అన్నాడు వాడు. ఆ రచన జొలతర్యోవ్ మూడవ సొనాటా. ఆయన్ని గురించి తెలుసుకున్న నాలుగు ముక్కలు మీతో పంచుకోవాలని యీ వ్యాసం.

ముందు వాయిద్యం సంగతి. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ 'అకార్డియన్' పేరుతో పేటెంటు పుచ్చుకున్నాడు. తిత్తిలోంచి వచ్చే గాలికి లోహపు రీడ్లు అదిరి మోగుతాయి. మన హార్మోనియంలో జరిగేదీ అదే. కాబట్టి రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. రష్యావాళ్ళు పియానో మెట్లకు బదులు బొత్తాలు పెట్టి పెంచుకున్న రకాన్ని 'బయాన్' అంటారు. వాళ్ళ ప్రాచీన వీరగాథలో కనిపించే బొయాన్ అనే గాయకుడి పేరే దీనికి వచ్చింది.

మామూలు బయాన్‌లో ఓ చిక్కుంది. ఎడమచేతి బొత్తాం నొక్కితే చాలావరకు రెండు మూడు స్వరాలు కలిసిన కట్ట ఒక్కసారే మోగుతుంది. పల్లె పాటకి తాళంగా అది చాలు. కానీ ఎడమచెయ్యి సొంతంగా ఒక రాగం నడపాలంటే కుదరదు. ఒక్కో బొత్తానికి ఒక్కో స్వరం పలికే ఏర్పాటు వచ్చాకనే రెండు చేతులూ సమానమైనాయి. బాఖ్ రచనలు కూడా వాయించడానికి వీలుపడింది.

చైకొవ్‌స్కీ అంతటివాడు 1883లో తన రెండవ ఆర్కెస్ట్రా సూట్‌లో నాలుగు అకార్డియన్లకు చోటిచ్చాడు. అయినా పండిత లోకం దీన్ని చాలాకాలం జానపదుల పెట్టెగానే చూసింది. 1937లో రుబ్త్సొవ్, ఆ తర్వాత చయ్‌కిన్ వంటివారు దీనికోసం కచేరీ రచనలు చేసి దారి వేశారు. అయినా కొత్త కాలపు సంగీత భాష మాత్రం యింకా బయాన్ దరికి పెద్దగా చేరలేదు.

ఆ పని తలకెత్తుకున్నవాడే జొలతర్యోవ్. 1942 సెప్టెంబరు 13న రష్యా తూర్పు కొసన, సముద్రపు ఒడ్డున వున్న దె-కాస్త్రిలో పుట్టాడు. మగదాన్ సంగీత పాఠశాలలో చదువుకున్నాడు. మగదాన్ అంటే స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరాలకు ముఖద్వారంగా పేరుపడ్డ చలి ప్రాంతం. మాస్కోకి ఎంతో దూరం. అక్కణ్ణించి వచ్చి మాస్కో కన్సర్వేటరీలో తీఖోన్ ఖ్రెన్నికొవ్ దగ్గర కొద్దికాలం చదివాడు. బయాన్ వాయించడమే కాక కవిత్వమూ రాసేవాడు.

ఆయన రచనల్లో రెండు కొసలు కనిపిస్తాయి. ఒక కొసన పిల్లల కోసం రాసిన ఆరు సూట్లు. వాటిల్లో ఒకచోట విదూషకుడు బుల్లి హార్మోనికా వాయిస్తుంటాడు. వింటుంటే నవ్వొస్తుంది, వెంటనే ఎందుకో దిగులేస్తుంది. రెండవ కొసన మూడవ సొనాటా. పన్నెండు స్వరాల పద్ధతిని బయాన్‌కి తెచ్చి, తిత్తి ఊపులోని బలాన్నంతా వాడుకున్న రచన అది. మధ్యలో 'ఫెరాపొంతొవ్ మఠం' వుంది. 1502లో దియొనీసీ ఆ మఠంలో గీసిన కుడ్యచిత్రాల ముందు నిలబడి చేసిన చింతన అది. అందులో వేగం లేదు, ఆర్భాటం లేదు. గంటలు దూరంనించి మోగుతున్నట్టుంటుంది. వేలి నైపుణ్యం చూపించుకోవాలనుకునేవాడికి అది పనికిరాదు.

యీ రచనల్ని జనానికి చేర్చినవాడు ఫ్రీద్‌రిఖ్ లిప్స్ అనే బయాన్ విద్వాంసుడు. స్నేహితుడు రాయడం, స్నేహితుడు వాయించడం. కొత్త సంగీతం చాలాసార్లు అలాగే బతుకుతుంది.

1975 మే 13న జొలతర్యోవ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి 32 ఏళ్ళు. యిలాంటి చావుల చుట్టూ కవిత్వం అల్లే అలవాటు మనకుంది. నాకది నచ్చదు. ఆయన్ని గొప్పవాణ్ణి చేసింది ఆ చావు కాదు, అంతకుముందు కూర్చుని చేసిన పని. ఆయన మరో ముప్ఫై ఏళ్ళు బతికుంటే మనకెన్ని సొనాటాలు దక్కేవో అన్నదే నా బాధ. మనసు కుంగినవాడు పక్కగదిలో వుంటే తలుపు తట్టడం మన వంతు.

ఆయన వేసిన బాట మూతపడలేదు. 1978లో సొఫియా గుబైదూలినా లిప్స్ కోసమే 'దె ప్రొఫుందిస్' రాసింది. యీనాడు బయాన్‌ని విన్యాసాల పెట్టె అని కొట్టిపారెయ్యడం ఎవరికైనా కష్టమే.

మన హార్మోనియానికీ యిలాంటి చరిత్రే వుంది. గమకం పలకదన్న కారణంగా 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. మన పద్యనాటకాలవాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. శ్రుతి విషయంలో విమర్శకుల మాట పూర్తిగా అబద్ధమని నేననను. కానీ ఒక పెట్టెలో ఏముందో తేల్చేది దాని ముందు ఓపిగ్గా కూర్చున్నవాడే. వీలు చేసుకుని మూడవ సొనాటా ఒకసారి వినండి. మొదటిసారి రుచించకపోతే ముందు పిల్లల సూట్లు విని, మళ్ళీ దాని దగ్గరికి రండి.