బండి ఆగాలంటే బ్రేకొక్కటే చాలదు!

పిల్లల్ని బడిలో దింపాలన్నా, కూరగాయలు తేవాలన్నా ఇప్పుడు మనలో చాలామందిమి స్కూటర్ మీదే వెళ్తున్నాం. నడపడం రానివాళ్ళం వెనక సీట్లో కూర్చుంటున్నాం. బయల్దేరేముందు పెట్రోలుందో లేదో చూస్తాం గానీ, అవసరానికి బండి ఆగుతుందో లేదో చూసుకోం. ఇది మెకానిక్ సంగతి, మనకెందుకులే అనుకోకండి.

ముందు చిన్న లెక్క చూద్దాం. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి 11 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఓ పిల్లాడు పరిగెత్తుకొచ్చాడనుకోండి. మనం చూసి బ్రేకు పట్టుకునేసరికే దాదాపు ఒక సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే 11 మీటర్లు అయిపోయాయన్నమాట! ఆ తర్వాత టైర్లు, బ్రేకులు బాగుంటే పొడిరోడ్డు మీద ఇంకో 10, 12 మీటర్లు. మొత్తం 20 మీటర్ల పైమాటే. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది.

బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది టైరుకీ రోడ్డుకీ ఉన్న పట్టు. అరిగిన చెప్పులతో తడి బాత్రూంలో నడిస్తే ఏమవుతుందో మనకి తెలుసుగా! టైరు మీది గాడులు నీళ్ళని పక్కకి నెట్టేస్తాయి. అవి అరిగిపోతే వానలో బండి జారుతుంది. చాలా టైర్ల అంచున టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలుంటాయి. వాటికి ఎదురుగా గాడిలో చిన్న దిమ్మ కనిపిస్తుంది. టైరు అరిగి ఆ దిమ్మతో సమానమైతే మార్చెయ్యాల్సిందే.

ముందు బ్రేకు నొక్కితే బోర్లా పడతామని చాలామందికి భయం. నిజానికి ఆగేటప్పుడు బరువు ముందుకి వస్తుంది కాబట్టి పట్టు ముందు చక్రానికే ఎక్కువ. వెనక బ్రేకొక్కటే వేస్తే బండి దూరం పోయి ఆగుతుంది. రెండూ కలిపి, ఒక్కసారిగా గుంజకుండా, బిగిస్తూ నొక్కాలి. మలుపులో, ఇసుక మీద మాత్రం గట్టిగా నొక్కకూడదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త బండ్లకి, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. చిన్నబండ్లకి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటయినా ఉండాలన్నారు. పాతబండి అయితే ఆ పని మన రెండు చేతులే చెయ్యాలి.

మనమే చూసుకోగలిగినవి:

* వారానికోసారి, బండి తియ్యకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇద్దరు ఎక్కితే వెనక టైరుకి ఎంతో కూడా అందులోనే చూడండి.

* బ్రేకు లీవరు హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తున్నా, గరగరమని చప్పుడొస్తున్నా వెంటనే మెకానిక్‌కి చూపించండి.

* బండి తుడిచేటప్పుడు బ్రేకు డిస్కుకి, టైరు నేలకి ఆనేచోట నూనె, కిరసనాయిలు, పాలిష్ తగలనివ్వకండి.

* నీళ్ళలోంచి వచ్చాక మెల్లగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు తేలిగ్గా నొక్కితే తడి ఆరిపోతుంది.

"ఇంకో రెండు నెలలు లాగిద్దాంలే" అని మీ వారంటే ఒప్పుకోకండి. పండక్కి చీర వాయిదా వేసుకున్నా ఫరవాలేదు గానీ టైరు వాయిదా వెయ్యకండి. ఆ రెండు మూడు మీటర్ల తేడాలో నిలబడి ఉండేది ఎవరి బిడ్డో ఎవరికి తెలుసు?