డీబగ్గర్ ఆగిన ప్రతిచోటా దోషం ఉండదు

ఒకే ప్రోగ్రాంలో అనేక పనులు ఏకకాలంలో సాగేటట్లు రాసే పద్ధతిని మల్టీథ్రెడింగ్ అంటారు. అందులోని ఒక్కొక్క పనివరుస ఒక థ్రెడ్. ఇటువంటి ప్రోగ్రాంలలో తప్పులు వెతకడానికి లినక్స్‌పై విస్తృతంగా వాడే పనిముట్టు జీడీబీ అనే డీబగ్గర్. కంప్యూటర్ విద్య కోసం పట్టణాలకు వెళ్లిన మన పిల్లలకు అది త్వరలోనే పరిచయమవుతుంది. దానిని నడుపుతుండగా, ఆగమని చెప్పని చోట ప్రోగ్రాం ఆగి, ‘సిగ్32 సంకేతం అందింది’ అన్న సందేశం కనిపించవచ్చు. అది చూసి, లేని దోషం కోసం గంటల తరబడి వెతకడం కొత్తవారికి మామూలే.

సంకేతమంటే నడుస్తున్న ప్రోగ్రాంకు ఆపరేటింగ్ సిస్టం అందించే చిన్న కబురు. డీబగ్గర్ సరిహద్దులోని చెక్‌పోస్టు వంటిది. వచ్చిన ప్రతి కబురు విషయంలోనూ అది మూడు నిర్ణయాలు తీసుకుంటుంది: ప్రోగ్రాంను ఆపాలా, తెరపై నమోదు చేయాలా, కబురును లోపలికి పంపాలా? ఏ సంకేతానికి ఏ నిర్ణయం అమలులో ఉన్నదో ‘ఇన్ఫో సిగ్నల్స్’ అనే ఆదేశం పట్టికగా చూపుతుంది.

సిగ్32 సాధారణంగా ప్రోగ్రాం రాసినవారు పంపినది కాదు. లినక్స్ థ్రెడ్ లైబ్రరీ 32, 33 సంఖ్యల సంకేతాలను తన సొంత పనులకు కేటాయించుకున్నది. 32తో ఒక థ్రెడ్‌ను రద్దు చేయమని కోరుతుంది. 33తో వినియోగదారు గుర్తింపులోని మార్పును థ్రెడ్లన్నిటికీ తెలుపుతుంది. థ్రెడ్ల సహాయక లైబ్రరీ సరిగా అందితే జీడీబీ వీటిని తానే గుర్తించి, ఆపకుండా పంపుతుంది. ప్రోగ్రాం నడిచే యంత్రంలోని లైబ్రరీకి, డీబగ్గర్ వాడే సహాయక లైబ్రరీకి పొత్తు కుదరనప్పుడు మాత్రం ఆ గుర్తింపు కుదరక ఆగిపోతుంది. కనుక మొదట ఆ రెండింటి వెర్షన్లు సరిచూడాలి. తాత్కాలికంగా ‘హ్యాండిల్ సిగ్32 నోస్టాప్ నోప్రింట్ పాస్’ అని ఆదేశిస్తే సరిపోతుంది.

ఇందులో చివరి మాట అత్యంత ముఖ్యం. ‘పాస్’కు బదులు ‘నోపాస్’ అంటే కబురు చెక్‌పోస్టు వద్దనే నిలిచిపోతుంది. రద్దు కావలసిన థ్రెడ్‌కు ఆ సంగతి తెలియదు. అది ముగియాలని ఎదురుచూసే మరొక థ్రెడ్ అలాగే నిలిచిపోవచ్చు. అప్పుడు డీబగ్గరే కొత్త దోషాన్ని సృష్టించినట్లవుతుంది.

అలాగని అన్ని సంకేతాలనూ వదిలివేయరాదు. 11వ సంఖ్య గల సిగ్‌సెగ్వ్, తనది కాని మెమరీని తాకినప్పుడు వస్తుంది. తప్పు చేసిన థ్రెడ్‌కే అది అందుతుంది గనుక అక్కడ ఆగి పరిశీలించవలసిందే. ‘థ్రెడ్ అప్లై ఆల్ బీటీ’ అంటే ప్రతి థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో ఉన్నదో తెలుస్తుంది. అయితే జావా ప్రోగ్రాంలను నడిపే హాట్‌స్పాట్ యంత్రం ఈ సంకేతాన్ని కూడా తన లోపలి తనిఖీలకు వాడుకుంటుంది. అక్కడ అది రావడమే దోషానికి రుజువు కాదు.

బయటి నుండి ప్రోగ్రాం మొత్తానికి వచ్చిన సంకేతం, దానిని అడ్డుకోని ఏ థ్రెడ్‌కైనా అందవచ్చు. అందుకున్న థ్రెడ్‌ను దోషిగా భావించరాదు. ఎవరు పంపారు, ఎందుకు పంపారు అన్నది తేల్చుకున్న తరువాతనే ఆపాలో, వదలాలో నిర్ణయించాలి.