ఖాళీ బోర్డుకు ప్రాణం పోసే కార్డు

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డును పెట్టెలోంచి తీసి కరెంటు ఇస్తే ఎర్ర లైటు వెలుగుతుంది. డెస్క్‌టాప్ మాత్రం రాదు. సెల్‌ఫోన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్)ను కంపెనీవాళ్లే ఎక్కించి అమ్ముతారు. ఈ బోర్డుకు ఆ పని కొన్నవాళ్లే చెయ్యాలి, ఓఎస్‌ను మైక్రో ఎస్‌డీ కార్డు మీద రాసుకోవాలి. హుజూర్‌నగర్‌లోనో కోదాడలోనో చదువుకునే పిల్లలకు ఇదొక లోపంలా తోచవచ్చు. నన్నడిగితే, ఈ బోర్డు వాళ్లకు చేసే అసలు మేలు ఇదే.

ఎందుకో తెలియాలంటే ఇది ఎలా పుట్టిందో చూడాలి. 2006 ప్రాంతంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు ఒక సంగతి గమనించారు. కంప్యూటర్ సైన్స్‌లో చేరేందుకు వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారు. వచ్చినవాళ్లలోనూ సొంతంగా ప్రోగ్రాములు రాసినవాళ్లు అరుదు. 1980లలో బ్రిటన్ బళ్లలో ఉన్న బీబీసీ మైక్రో, స్విచ్ వెయ్యగానే ప్రోగ్రాం రాయడానికి సిద్ధంగా ఉండేది. తర్వాతి కాలపు ఇంటి కంప్యూటర్ ఖరీదైన వస్తువు. పాడుచేస్తారేమోనని పిల్లల్ని దాని జోలికి పోనివ్వరు. చెడగొట్టినా మళ్లీ సరిచేసుకోగల చవక యంత్రం కోసం సాగిన ప్రయత్నం 2012 ఫిబ్రవరి 29న ఫలించింది. ఏటీఎం కార్డంత బోర్డు, 700 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ధర 35 డాలర్లు.

బోర్డు వచ్చింది గానీ దానికి అచ్చంగా సరిపోయే ఓఎస్ లేదు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ లినక్స్‌కు అప్పటికి ఆర్మ్ కోసం రెండు రూపాలున్నాయి. దశాంశ లెక్కలను చిప్‌లోని ప్రత్యేక విభాగంతో చకచకా చేసేదానికి ఏడో తరం ఆర్మ్ కావాలి. పైలో ఉన్నది ఆరో తరం. రెండో రూపం నడుస్తుంది గానీ ఆ విభాగాన్ని వాడుకోదు. మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ వేలాది ప్యాకేజీలను ఆరో తరానికి తగినట్టు తిరిగి కంపైల్ చేయించారు. అలా పుట్టిన రాస్ప్‌బియన్ 2012 జూలైకల్లా ఈ బోర్డుకు ప్రధాన ఓఎస్ అయింది. 2020 నుంచి దాని వారసుడి పేరు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్. ఇద్దరు మనుషుల పట్టుదలకు ఇంతటి ఫలితం దక్కడం నాకు ఇప్పటికీ అపురూపంగానే ఉంటుంది.

మొదట్లో కార్డు రాయాలంటే కమాండ్లు కొట్టాలి. డ్రైవు పేరు ఒక్క అక్షరం తప్పితే ల్యాప్‌టాప్‌లోని డిస్కే తుడిచిపెట్టుకుపోయేది. 2020లో వచ్చిన ఇమేజర్ అనే ప్రోగ్రాం ఆ భయం చాలావరకు తీర్చింది. బోర్డు ఏది, ఓఎస్ ఏది, కార్డు ఏది అని అడుగుతుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై వివరాలు ముందే తీసుకుంటుంది. రాశాక కార్డును తిరిగి చదివి సరిచూస్తుంది. కార్డులో పాత ఫొటోలుంటే ముందే తీసి పెట్టుకోవాలి, ఒక్కటీ మిగలదు.

కార్డు పెట్టి కరెంటు ఇచ్చాక జరిగేది ఆసక్తిగా ఉంటుంది. పాత పై బోర్డుల్లో మొదట మేల్కొనేది ఆర్మ్ ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ విభాగం. చిప్‌లో శాశ్వతంగా ఉన్న చిన్న ప్రోగ్రాం కార్డులోంచి బూట్ ఫైలును చదువుతుంది. (పై 4 నుంచి ఆ ఫైలు పనిని బోర్డు మీది చిప్పే చేస్తుంది.) ఆపైన గ్రాఫిక్స్ విభాగమే స్టార్ట్ ఫైలు, సెట్టింగులు, తర్వాత ఓఎస్‌కు గుండెకాయ అయిన కెర్నల్ చదివి, అప్పుడు ఆర్మ్‌కు పని అప్పగిస్తుంది. ఎక్కడైనా ఆగితే లైటే కబురు చెబుతుంది. పై 4లో ఆకుపచ్చ లైటు 4 సార్లు మెరిస్తే స్టార్ట్ ఫైలు దొరకలేదని, 7 సార్లు మెరిస్తే కెర్నల్ దొరకలేదని అర్థం.

చార్జర్ దగ్గర పొదుపు వద్దు. పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. సత్తువ లేని ఫోన్ చార్జర్ పెడితే తెర మీద మెరుపు గుర్తు కనిపిస్తుంది. కార్డు మీద రాత సాగుతుండగా కరెంటు పోతే ఫైళ్లు దెబ్బతినవచ్చు. కాబట్టి షట్‌డౌన్ చేశాకే స్విచ్ తీయాలి, కార్డుకు ఒక కాపీ దాచుకోవాలి.

డెబియన్ వారసత్వం వల్ల మనకు తెలుగు కూడా దక్కింది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీల్లో ఉన్నాయి. అమెరికాలోని సిలికానాంధ్ర చొరవతో వచ్చిన సురవరం, గిడుగు, మండలి వంటి ఫాంట్లూ ఉన్నాయి. ఇంటర్నెట్ కలిపి ఒక్క కమాండ్ ఇస్తే బోర్డులోకి దిగుతాయి, పైసా కట్టనక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఒక తెలుగు ఓఎస్‌నే తయారుచేసింది.

ఈ తెలుగు మన ఊళ్ల పనులకూ అక్కరకొస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే నేల మనది. మిర్యాలగూడ దారి పొడవునా మిల్లులే. ధాన్యం గోదాములో ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను కొలిచే సెన్సార్‌ను ఈ బోర్డు పిన్నులకు కలిపి, వివరాలు తెర మీద తెలుగులో చూపించడం కాలేజీ ప్రాజెక్టుకు అందే పనే. గింజలోని తేమ కొలవడానికి మాత్రం వేరే మీటరు కావాలి, అది దీనితో తేలదు.

హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ల్యాబ్‌లో ఒక్క బోర్డే ఉన్నా ఫర్వాలేదు, కార్డులు మాత్రం నాలుగైదు కొనండి. ముందే రాసిపెట్టిన కార్డు పిల్లలకు ఇవ్వకండి. ఖాళీ కార్డు ఇచ్చి, మీరు పక్కన కూర్చుని, మౌస్ వాళ్లకే వదిలేయండి.