స్పీకరు కొనేముందు పెట్టె సంగతి చూడండి

పాతబస్తీ (హైదరాబాదు): పెళ్లి బట్టలకు పత్తర్‌గట్టీకి, గాజులకు లాడ్‌బజారుకు వెళ్లే మన పల్లెవాసుల వెంట ఒకరిద్దరు కుర్రాళ్లు కూడా ఉంటారు. పెద్దలు బేరాల్లో మునిగి ఉండగా వీరు నయాపూల్ మీదుగా మూసీ దాటి కోఠీలోని గుజరాతీ గల్లీకి చేరుకుంటారు. మైకులు, ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, వాటి విడిభాగాలు దొరికే సందు అది. ఇంట్లో సొంతంగా స్టీరియో తయారుచేసుకోవాలనే ఉబలాటం ఉన్నవారికి అదొక తీర్థక్షేత్రం.

తిరుగు బస్సు ఎక్కేసరికి సంచిలో ఏముందన్నదే ప్రశ్న. చాలామంది 12 అంగుళాల స్పీకర్లు రెండు, చేతికందిన ట్వీటర్లు నాలుగు, మిణుకుమిణుకుమనే దీపాలున్న బోర్డు ఒకటి కొనుక్కొస్తారు. పెట్టె సంగతి ఊళ్లో చూసుకుందాం అనుకుంటారు. వడ్రంగి తనకు తోచిన కొలతతో డబ్బా బిగించి ఇస్తాడు. తీరా పాట పెడితే దడదడలే తప్ప మాట వినిపించదు. పత్తి అమ్మగా మిగిలిన డబ్బు అలా అటకెక్కుతుంది. ఇందులో స్పీకరు తప్పు లేదు, వడ్రంగి తప్పు అంతకన్నా లేదు. పని తలకిందులుగా మొదలైంది. ముందు పెట్టె నమూనా ఎంచుకుని, దానికి సరిపడే స్పీకరు కొనాలి.

పెట్టె లేకపోతే ఏమవుతుంది?

దీన్ని తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. పాత స్పీకరు ఒకటి తీసుకుని, పెట్టె లేకుండా సన్నగా పాట పెట్టండి. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఉంటుంది. ఇప్పుడు పెద్ద అట్టముక్కకు స్పీకరు సైజులో రంధ్రం కోసి, దానికి స్పీకరును ఆనించి పట్టుకోండి. వెంటనే గొంతు బరువెక్కుతుంది. కోను ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుంటే వెనుకవైపు గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆ మింగుడులో ముందుగా పోయేది మందరస్వరమే. వెనుక అలను బంధించడానికే పెట్టె.

ఈ సంగతి మన ఊళ్ల టీ హోటళ్లవారికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. కొత్త కుండ మూతికి స్పీకరు బిగించి పాటలు వినిపించిన హోటళ్లు, మంగలి షాపులు మన వైపు ఎన్ని లేవు! గుండ్రటి కుండ గోడ పలచటి చెక్కపలకలా వణకదు. లోపల ఎదురెదురు గోడలు లేనందువల్ల శబ్దం అటూ ఇటూ కొట్టుకోవడమూ తక్కువే. వచ్చిన చిక్కల్లా కుమ్మరి ఆ కుండను నీళ్ల కోసం చేశాడు గాని ఆ స్పీకరు కోసం కాదు. కొలత కుదరకపోతే ప్రతి పాటా ఒకే చోట 'బుం' అంటుంది. 'కుండలోంచి మాట్లాడినట్టుంది' అనే మాట ఊరికే పుట్టలేదు.

మూసిన పెట్టె, గొట్టం పెట్టె

ఇంటి స్పీకరు పెట్టెల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటిది గాలి చొరబడకుండా అంతా మూసిన పెట్టె. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో తెచ్చిన ఏఆర్-1 స్పీకరుతో దీనికి పేరొచ్చింది. అందులో లోపలి గాలే కోనుకు స్ప్రింగులా పనిచేస్తుంది. రెండోది గొట్టం అమర్చిన పెట్టె. ఖాళీ సీసా మూతి మీద ఊదితే 'హూ' మని మోగుతుంది కదా, అదే సూత్రం. గొట్టం పొడవు, వెడల్పు సరిగ్గా కుదిరితే చిన్న స్పీకరు కూడా లోతైన శబ్దం ఇస్తుంది. కుదరకపోతే డోలు మోతే.

పూర్వం ఈ కుదురు కోసం కోసి చూడటం, మళ్లీ కోయటం తప్ప ఎక్కువమందికి దారి ఉండేది కాదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోను, తర్వాత రిచర్డ్ స్మాల్ 1972-73లోను ప్రచురించిన వ్యాసాలు ఆ అవస్థ తప్పించాయి. స్పీకరుకు కొన్ని అంకెలు కొలిచి, వాటినిబట్టి పెట్టె లెక్క కట్టవచ్చని వారు చూపారు. పేరున్న కంపెనీల స్పీకరుతో వచ్చే కాగితం మీద నేటికీ ఆ అంకెలే ఉంటాయి. ఆ కాగితం లేని స్పీకరుతో తొలి ప్రయత్నం చేయకపోవడం మేలు.

కాగితంలో చూడవలసినవి మూడు. ఎఫ్ఎస్ అంటే స్పీకరు సొంత కంపనం. వ్యాస్ అంటే దాని స్ప్రింగు బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో. క్యూటీఎస్ అంటే కోను ఊగి ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె. క్యూటీఎస్ 0.4 నుంచి 0.7 మధ్య ఉంటే మూసిన పెట్టెకు, అంతకంటే తక్కువైతే గొట్టం పెట్టెకు నప్పుతుందని వాడుక లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. క్యూటీఎస్ 0.5, వ్యాస్ 9 లీటర్లు ఉన్న స్పీకరును 9 లీటర్ల మూసిన పెట్టెలో బిగిస్తే ఆ అంకె 0.7కు చేరుతుంది. మందరస్వరం సాఫీగా తగ్గే చోటు అదే. పెట్టెను బాగా కుదించి అంకెను 1 దాటిస్తే మళ్లీ కుండ మోత మొదలవుతుంది. 9 లీటర్లంటే లోపలి కొలత 30 సెంటీమీటర్ల ఎత్తు, 20 వెడల్పు, 15 లోతు. లెక్క కట్టుకోలేనివారు కంపెనీ కాగితంలో సూచించిన పెట్టె కొలతనే తీసుకోవచ్చు. ఊళ్లో కంప్యూటరు తెలిసిన పిల్లవాడుంటే ఉచితంగా దొరికే విన్‌ఐఎస్‌డీ వంటి ప్రోగ్రాములో ఈ అంకెలు వేస్తే చాలు.

తొలిసారికి ఏది?

ఈ విలేకరి మాట అడిగితే, ప్రతి పెట్టెలో ఒకే స్పీకరు, అదీ 4 లేక 5 అంగుళాల ఫుల్‌రేంజిది, మూసిన పెట్టె, అచ్చంగా ఒకేలాంటివి రెండు. ఇందులో ట్వీటరు లేదు, క్రాసోవరు లేదు, గొట్టం లేదు. పొరబాటు జరిగే చోట్లన్నీ అలా తగ్గిపోతాయి. పెట్టె కొలత ఒక లీటరు అటూ ఇటూ అయినా కొంప మునగదు. చిన్న పెట్టెను చిన్నచూపు చూడనక్కర్లేదు. బీబీసీ ఇంజనీర్లు 1970లలో తమ ప్రసార వ్యాన్లలో వాడుకునేందుకు ఎల్ఎస్3/5ఏ అనే స్పీకరు రూపొందించారు. అందులో ట్వీటరు వేరుగా ఉన్నా పెట్టె మాత్రం 5 లీటర్ల మూసినదే. మనిషి గొంతు మనిషి గొంతులా వినపడటం దాని గొప్ప.

లోపం కూడా చెప్పుకోవాలి. పై ఉదాహరణలో స్పీకరు సొంత కంపనం 70 హెర్ట్జ్ అయితే పెట్టెలో అది 100 దగ్గర నిలుస్తుంది. పాట, మాట, వీణ, వేణువు బాగుంటాయి గాని బోనాల డప్పు గుండెను తాకదు. అది కావాలంటే తర్వాత వేరే ఊఫరు పెట్టె కట్టుకోవాలి. రెండు కోరికలూ ఒకే పెట్టెలో తొలిసారే తీర్చుకోబోయే సంచులే అటకెక్కుతున్నాయి.

ట్వీటరు లేనిదే మనసొప్పదంటే దానికి వరుసలో ఒక నాన్‌పోలార్ కెపాసిటరు తప్పనిసరి. 8 ఓమ్స్ ట్వీటరుకు 4.7 మైక్రోఫారడ్ పెడితే సుమారు 4 వేల హెర్ట్జ్ పైమాటే దానికి వెళుతుంది. కెపాసిటరు లేకుండా నేరుగా తగిలిస్తే కాయిలు కాలి కూర్చుంటుంది.

వాట్ల మాయ

అట్టపెట్టె మీద వేల వాట్లు అచ్చువేసి ఉంటే, పక్కన పీఎంపీఓ అని ఉందేమో చూడండి. ఆ అంకెకు ఒక పద్ధతీ లేదు, కొలతా లేదు. ఆర్ఎంఎస్ వాట్లే అడగండి. అంతకంటే ముఖ్యం సెన్సిటివిటీ. 87 డెసిబెల్స్ స్పీకరుకు 20 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 90 డెసిబెల్స్ స్పీకరుకు 10 వాట్లకే వస్తుంది. నాలుగ్గోడల మధ్య వినడానికి 10 వాట్లు తక్కువేమీ కాదు. 12 వోల్టుల చిన్న బోర్డులైతే కరెంటు పోయినా బ్యాటరీ మీద పాడతాయి.

ఓమ్స్ కూడా చూసుకోవాలి. మల్టీమీటరు పెడితే 8 ఓమ్స్ స్పీకరు 6 దగ్గర, 4 ఓమ్స్‌ది 3 పైన చూపిస్తుంది. కంగారు పడవద్దు, అది మామూలే. కాని 4 ఓమ్స్ స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. చాలా ఆంప్లిఫయర్లు ఆ బరువు మోయలేవు.

గురువారంనాడు పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారుకు వెళ్లేవారికి పాత సామాన్లలో పాత స్పీకర్లు తగలవచ్చు. చవగ్గా వచ్చిందని మూట కట్టేముందు కోనును రెండు వైపులా వేళ్లతో మెల్లగా, సమంగా నొక్కి చూడండి. లోపల గీరుకుంటున్న చప్పుడు వస్తే వదిలేయండి. అంచు ఫోము గోరు తగలగానే పొడి అవుతున్నా అంతే.

చెక్క పని

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మంచిది. ఎండీఎఫ్ చవక, కోతకు సులువు. కాని కారే ఇంట్లో ఒక్క వానాకాలానికే ఉబ్బుతుంది. వడ్రంగికి లోపలి కొలత ఇస్తున్నారా, బయటి కొలతా అన్నది విడమరచి చెప్పండి. పై 9 లీటర్ల పెట్టె బయటి కొలత 33.6, 23.6, 18.6 సెంటీమీటర్లు అవుతుంది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మూలలన్నిటా ఫెవికాల్ పట్టించి, మేకులకు బదులు స్క్రూలు వేయించండి. తీగ బయటికి వచ్చే రంధ్రం కూడా మూసేయాలి. లోపల పాత దిండులోని పాలియెస్టర్ దూదిని వదులుగా పరవండి. బూరుగు దూది వద్దు, దాని నూగు కాయిలులోకి పోతుంది.

స్పీకరు బిగించేముందు ఒక టార్చిలైటు సెల్లును దాని రెండు కొసలకు ఒక్క క్షణం తాకించండి. కోను బయటికి ఉబికితే సెల్లు ప్లస్ తగిలిన కొసే స్పీకరు ప్లస్. రెండు పెట్టెలకూ అదే వరుసలో తీగలు కలపాలి. ఒకటి తారుమారైతే అంత కష్టపడి కట్టిన పెట్టెల్లోనూ మందరం మాయమవుతుంది.

పెట్టెలు సిద్ధమయ్యాక మొదట సినిమా పాట పెట్టకండి. రేడియోలో వార్తలు పెట్టండి. చదివేవారి గొంతు మీకు తెలిసినదే. అది ముక్కుతో మాట్లాడినట్టుగాని, కుండలోంచి వచ్చినట్టుగాని ఉంటే ముందు మూలల్లో గాలి కారుతోందేమో తడిమి చూసి, ఆ తర్వాత దూది కొంచెం పెంచి చూడండి.