1600 మీటర్ల పరుగు: మీ ఇంటి బిడ్డ ఎలా సాధన చేయాలి?

మీరు ఈ పుస్తకం చదువుతున్న సమయంలో మీవారొకరు వార్డులో మంచం మీద ఉండి ఉంటారు. ఇప్పుడు పరుగు గురించి ఎందుకని అనుకోవచ్చు. కానీ రోగికి తోడుగా వచ్చిన కుటుంబాలలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికో, సైన్యంలో చేరడానికో తెల్లవారుజామున పరుగెత్తే కొడుకో, కూతురో, తమ్ముడో తరచుగా ఉంటారు. వీళ్ళలో చాలామంది బడి మానేశాక, లేదా డిగ్రీ అయ్యాక, మొదటిసారి పరుగు మొదలుపెట్టినవారు. వారికి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మీరు ఇక్కడికి రావడానికి కారణమైన జబ్బుతోనే సంబంధం ఉన్నది కావచ్చు.

ముందుగా లెక్క చూద్దాం. 2022లో వచ్చిన నోటిఫికేషన్ల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ అభ్యర్థులకు 1600 మీటర్ల పరుగు పురుషులకు 8 నిమిషాలు, స్త్రీలకు 10 నిమిషాల 30 సెకన్లు. తెలంగాణలో పురుషులకు అదే దూరం 7 నిమిషాల 15 సెకన్లు, స్త్రీలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. కొత్త నోటిఫికేషన్ వస్తే అందులో ఉన్న సమయమే చూసుకోవాలి. గ్రౌండు చుట్టూ ఒక రౌండు 400 మీటర్లు అనుకుంటే, 8 నిమిషాలంటే రౌండుకు సరిగ్గా 2 నిమిషాలు. విన్నప్పుడు ఇది సులభంగానే అనిపిస్తుంది. నాలుగు రౌండ్లూ అలాగే వెళ్ళడంలోనే కష్టమంతా ఉంది.

కొత్తవారు చేసే మొదటి తప్పు ఇక్కడే. పక్కవాణ్ణి చూసి మొదటి రౌండు 1 నిమిషం 35 సెకన్లలో పూర్తి చేస్తారు. రెండవది 2.20, మూడవది 2.45, నాలుగవది కాళ్ళు ఈడ్చుకుంటూ 2.50. మొత్తం 9 నిమిషాల 30 సెకన్లు. ఇదే కుర్రవాడు మొదటి నుండి రౌండుకు 2 నిమిషాల 15 సెకన్లు చొప్పున వెళితే 9 నిమిషాలలో ముగించగలడు. కొత్త బలమేమీ రాకుండానే అర నిమిషం కలిసి వచ్చినట్లే. శక్తికి మించిన వేగంతో వెళ్ళినప్పుడు కండరాలకు రక్తం ద్వారా అందే ప్రాణవాయువు చాలదు. అప్పుడు శరీరం వేరే మార్గంలో శక్తిని తయారు చేసుకుంటుంది. ఆ మార్గం కొద్దిసేపే పనిచేస్తుంది, తరువాత కాళ్ళు బరువెక్కిపోతాయి. కాబట్టి మొదటి రౌండులో వెనుకబడినట్లు కనిపించడానికి సిగ్గుపడవద్దు. మీరు గ్రౌండుకు తోడు వెళ్ళగలిగితే వాచీ పట్టుకుని ప్రతి రౌండు సమయం కాగితం మీద రాయండి. ఆ కాగితం చాలామంది కోచ్‌ల కంటే ఎక్కువ నేర్పుతుంది.

రెండవ తప్పు, రోజూ 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తడం. ఇది సాధన కాదు, రోజూ పరీక్ష రాయడం. ఇంత దూరంలో ఎక్కువ శక్తి ప్రాణవాయువుతోనే తయారవుతుంది కాబట్టి గుండెను, ఊపిరితిత్తులను నెమ్మదైన పరుగుతోనే పెంచుకోవాలి. పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అది సరైన వేగం. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్లు. ఇలా కొన్ని వారాలు చేస్తే గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం పెరుగుతుంది.

కనీసం పన్నెండు వారాలు చేతిలో ఉంచుకోండి. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, మొత్తం ఇరవై ఐదు నిమిషాలు చాలు. తరువాత నాలుగు వారాలలో ఆగకుండా అరగంట నెమ్మదిగా పరుగెత్తే స్థితికి రావాలి. వారంలో ఒక రోజు మాత్రం 200 మీటర్లు 55 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాలు నడుస్తూ, ఆరుసార్లు. చివరి నాలుగు వారాలలో మరొక రోజు 400 మీటర్లు 1 నిమిషం 55 సెకన్లలో, అదే విధంగా నడుస్తూ, నాలుగుసార్లు. ఈ లెక్క 8 నిమిషాలు లక్ష్యంగా ఉన్నవారికి. మిగతావారు తమ రౌండు సమయానికి ఐదు సెకన్లు తగ్గించి చేసుకోవచ్చు. పూర్తి 1600 మీటర్లు మూడు వారాలకొకసారి మాత్రమే వాచీతో చూసుకోండి. పరీక్ష వారంలో సాధన సగానికి తగ్గించాలి. ఆ వారంలో పడిన కష్టం సమయాన్ని తగ్గించదు, అలసట మాత్రం మిగులుతుంది.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పరుగు పందెం గురించి చెప్పినప్పుడు నిగ్రహం గురించి కూడా చెప్పాడు. వేగంగా వెళ్ళడం కంటే ఆగవలసిన రోజు ఆగడానికే ఎక్కువ నిగ్రహం కావాలి. ఆయాసం నెలరోజుల్లో తగ్గుతుంది కానీ కాలి ఎముకలు, నరాలు అంత త్వరగా గట్టిపడవు. మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పిగా ఉంటే రెండు వారాలు పరుగు తగ్గించి, తారు రోడ్డు వదిలి మట్టి నేల మీద చేయాలి. ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తవద్దు, ఎముకల డాక్టరుకు చూపించండి.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. ఎంత సాధన చేసినా సమయం తగ్గకపోతే బద్ధకమని తిట్టకముందు రక్తపరీక్ష చేయించండి. మన రాష్ట్రాలలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ప్రాణవాయువును మోసే వాహనమే తక్కువైనట్లు. తోటకూర, పప్పు, గుడ్లు, మాంసం పెట్టండి, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు నిమ్మరసంతో ఇవ్వండి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

ఇక అసలు విషయం. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షలో 10 కిలోమీటర్ల పరుగు సందర్భంగా పదిమందికి పైగా యువకులు చనిపోయారు. మన పిల్లలకు భయం పెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో అకస్మాత్తుగా చనిపోయి ఉంటే, లేదా గుండె కండరం మందంగా ఉందని డాక్టర్లు చెప్పి ఉంటే, ఆ జబ్బు పిల్లలకు కూడా వచ్చి ఉండవచ్చు. పరుగెత్తేటప్పుడు ఛాతీనొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఇక ఆలోచించవద్దు. సాధన ఆపి ఇ.సి.జి., అవసరమైతే ఎకో పరీక్ష చేయించండి. ఇప్పుడు మీరు ఆసుపత్రిలోనే ఉన్నారు కాబట్టి మీ రోగిని చూసే డాక్టరు గారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఈ జబ్బు మా పిల్లలకు వచ్చే అవకాశం ఉందా?" ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలలో సికిల్ సెల్ ఉన్నట్లయితే, జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రమే మోస్తున్నవారు కూడా ఎండలో శక్తికి మించి పరుగెత్తకూడదు. ఏ జ్వరం వచ్చినా, తగ్గి ఒళ్ళు పూర్తిగా కుదుటపడేవరకు పరుగు వద్దు.

ఎండాకాలంలో సూర్యుడు రాకముందే సాధన ముగించాలి. పరుగెత్తుతూ తడబడి, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి బట్టలు వదులు చేసి ఒళ్ళంతా చల్లని నీళ్ళు పోస్తూనే 108కి ఫోన్ చేయండి. తెలివి లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు. పడిపోయినవారు పిలిచినా పలకక, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి, అంబులెన్సు వచ్చేవరకు ఆపకండి. కఠినమైన పరుగు తరువాత మూత్రం నల్లగా, కోలా రంగులో వస్తే కండరాలు చితికి మూత్రపిండాల మీద భారం పడుతున్నదని గ్రహించి అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. జిమ్‌లోనో, స్నేహితులో ఇచ్చే ఇంజెక్షన్లు, పొడులు దగ్గరకు రానీయవద్దు.

పరీక్ష రోజు కొత్త బూట్లు వేసుకోకూడదు. అంతకు ముందే నెలరోజులు వాడినవే వేసుకోవాలి. రెండు గంటల ముందు ఇడ్లీయో, అరటిపండో తిని కొద్దిగా నీళ్ళు తాగి వెళ్ళాలి. పదిహేను నిమిషాలు నెమ్మదిగా కదిలి ఒళ్ళు వేడి చేసుకున్నాకే గీత దగ్గర నిలబడాలి. పరుగు ముగిశాక వెంటనే కూలబడనీయకండి, కదలకుండా నిలబడనీయకండి. కాళ్ళలో నిలిచిన రక్తం పైకి రాక కళ్ళు తిరుగుతాయి. భుజం పట్టుకుని ఐదు నిమిషాలు నడిపించండి.